రెండు మెడల వాద్యము, ఒక్క భుజము

బాలుర కోరికలు కాలమును బట్టి మారుచుండును. ఒకప్పుడు మన యిండ్లలో పిల్లవాడు సంగీతము నేర్చుకొనెదనన్నచో వేణువో, ఫిడేలో, హార్మోనియమో యడుగువాడు. నేడు మన పై తరగతుల విద్యార్థులలోను, మన పాఠశాల విడిచి అమీరుపేట, పంజాగుట్టలలో గదులు తీసికొని చదువుకొనుచున్న పూర్వ విద్యార్థులలోను కొందరు కోరుచున్నది రెండు మెడల ఎలక్ట్రిక్ గిటారు. వారు దానిని "డబుల్ నెక్" అందురు. ఫోనులో దాని బొమ్మ జూచినది మొదలు వారికి నిద్ర పట్టదు. దాని వెల విన్నది మొదలు తలిదండ్రులకు నిద్ర పట్టదు.

ఒక మెడ గిటారే చదువును మ్రింగుచుండ రెండవ మెడ యెందులకని తలిదండ్రుల ప్రశ్న. గొప్పవారు వాయించిన వాద్యమును మేమేల వాయింపరాదని బాలుర ప్రశ్న. రెండును న్యాయమైన ప్రశ్నలే. అయినను ఆ వాద్యమెట్టిదో, ఏ యవసరమునకు పుట్టినదో యెరుగక వాదించినచో ఇరుపక్షములకును కోపమే మిగులును. కావున మొదట వాద్యమును గూర్చి చెప్పి, పిమ్మట మా యభిప్రాయమును విన్నవించెదము.

వీణకు దండి యెట్టిదో గిటారునకు మెడ యట్టిది. దానిమీద మెట్లుండును, ఎడమచేతి వ్రేళ్లు అచ్చట తీగల నదుమును. సాధారణమైన గిటారునకు 6 తీగలు. మరియొక జాతి గిటారునకు 12 తీగలు. అవి జంటజంటలుగా ఆరు వరుసలలో నుండును. అందు మంద్రముగా మ్రోగు నాలుగు జంటలలో ఒక తీగకంటె రెండవది ఒక స్థాయి హెచ్చుగా శ్రుతి చేయబడును. మిగిలిన రెండు జంటలలో రెండు తీగలును ఒకే శ్రుతిలో నుండును. అందువలన ఒక్కసారి మీటినను పలువురు కలిసి పాడినట్లు నిండుగా వినబడును. 6 తీగల గిటారునకు ఆ నిండుదనము లేదు గాని, దానిమీద ఒక్కొక్క స్వరమును లాగవచ్చును, కదలింపవచ్చును, గాత్రమువలె పలికింపవచ్చును. మొదటిది సమూహగానము వంటిది. రెండవది ఒంటరి గాయకుని వంటిది. ఈ రెంటిని ఒకే కొయ్యకు చేర్చి, పై మెడకు 12 తీగలు, క్రింది మెడకు 6 తీగలు కట్టినదే రెండు మెడల గిటారు. వెరసి 18 తీగలు. ఉక్కు తీగల క్రింద అయస్కాంతములును, వాని చుట్టు సన్నని రాగితీగ చుట్టలు నుండును. తీగ కంపించినప్పుడు ఆ చుట్టలో విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు దానిని పెంచి ధ్వనిగా మార్చును. పదవ తరగతివారు భౌతికశాస్త్రమున చదువుకొను విద్యుదయస్కాంత ప్రేరణమునకు ఇంతకన్న చెవికింపైన యుదాహరణము లేదు.

అమెరికా దేశపు గిబ్సన్ కంపెనీవారు ఇట్టి వాద్యమును 1958లో తమ జాబితాలో చేర్చిరి. అంతకు ముందే హవాయి పద్ధతి గిటారులకు రెండేసి మెడలుండెడివి. కాని అవి బల్లవలె కాళ్లమీద నిలుచునవి, భుజమున మోయునవి కావు. గిబ్సన్ వారి వాద్యమునకు ప్రఖ్యాతి వచ్చినది 1971 తరువాత. ఇంగ్లండునకు చెందిన లెడ్ జెపెలిన్ బృందమువారు ఆ యేడు "స్టెయిర్‌వే టు హెవెన్" అను పాటను వెలువరించిరి. అది మెల్లగా మొదలై, నడుమ 12 తీగల నాదముతో నిండి, తుదకు 6 తీగల ఒంటరి పలుకుగా మారును. స్టూడియోలో వేర్వేరు గిటారులను వేర్వేరుగా వాయించి కలిపిరి. సభలో అది సాధ్యము కాదు. పాట నడుచుచుండగా ఒక వాద్యమును దింపి మరియొకటి తగిలించుకొనుటకు వ్యవధి లేదు. అందుచేత ఆ బృందపు గిటారు వాదకుడు జిమ్మీ పేజ్ రెండు మెడల వాద్యమును చేపట్టెను. 1976లో వెలువడిన "హోటల్ కాలిఫోర్నియా" పాటను సభలలో వినిపించుటకు డాన్ ఫెల్డర్ కూడ అట్లే చేసెను. బాలురు ఇచ్చట ఒక్క సంగతి గమనింపవలెను. పాట మొదట పుట్టినది; వాద్యము పిమ్మట వచ్చినది. చేతిలో వాద్యము పెట్టుకొని పాటకై వెదకినవారు కారు వారు.

ఇక వాయించుటలోని కష్టము వినుడు. ఒక మెడ గిటారు మూడు నాలుగు కిలోలు తూగును. ఇది అయిదారు కిలోలు తూగును. గంటసేపు నిలుచుండి వాయించినచో భుజము పట్టీ క్రింద కమిలిపోవును. బిరడల బరువు వలన మెడలు నేలవైపు వాలును. వానిని ఎత్తిపట్టుట ఎడమచేతి పని యైనచో స్వరము పలుకదు. పై మెడకు చేయి చాచునప్పుడు మణికట్టు ఒక విధముగను, క్రింది మెడకు దిగినప్పుడు వేరొక విధముగను వంగవలెను. 18 తీగలకు శ్రుతి కూర్చుట వేరొక పరీక్ష. ఉక్కపోతలో ఒకసారి, ఏసీ గదిలో మరియొకసారి అవి సడలుచు బిగియుచు నుండును. ఒక జంటలోని రెండు తీగలు వెండ్రుకవాసి తేడాగా నున్నను విన్నవారి చెవికి ముల్లువలె తగులును. శ్రుతి చూపు యంత్రములు ఫోనులోనే దొరకుచున్నవి గదా యందురేమో. యంత్రము తప్పును చూపును గాని, తప్పును సహింపని చెవిని ఇయ్యజాలదు.

వీనికన్నిటికంటె ముఖ్యమైనది ఒక చిన్న స్విచ్చి. దానికి మూడు స్థానములు: పై మెడ, రెండు మెడలు, క్రింది మెడ. నడిమి స్థానమున నుంచి ఒక మెడను వాయించినచో, తాకని మెడమీది తీగలు గూడ ఆ కంపమునకు కదలి గుంయిగుంయిమని రొద చేయును. దానినే కోరి వాడుకొనువారును కలరు. కాని సాధారణముగ నేర్పరియైనవాడు వాయించు మెడకు మాత్రమే స్వరమిచ్చి, రెండవదానిని మౌనముగ నుంచును. మౌనముగ నున్నది గనుక దాని బరువు తగ్గునా? తగ్గదు. మ్రోగునది ఒక్కటే, మోయవలసినవి రెండు.

మన దేశపు సంగీతముతో ఈ వాద్యమునకు సంబంధము లేదని తలంపరాదు. ఇంగ్లండున పుట్టిన జాన్ మెక్‌లాగ్లిన్ 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అను బృందమును స్థాపించి రెండు మెడల గిటారుతో ప్రపంచమంతట పేరుపొందెను. అంతటివాడు అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయమున డాక్టరు ఎస్. రామనాథన్ గారి యొద్ద శిష్యుడై వీణ నేర్చెను. పిమ్మట ఎల్. శంకర్, జాకీర్ హుస్సేన్, టి. హెచ్. వినాయకరామ్ మున్నగువారితో కలిసి శక్తి యను బృందమున వాయించునప్పుడు రెండు మెడల ఎలక్ట్రిక్ గిటారును విడిచి, ఒకే మెడగల మామూలు గిటారును ప్రత్యేకముగ చేయించుకొనెను. దాని మెట్ల నడుమ కొయ్యను గుల్లగా చెక్కించి, గమకములు పలుకుటకు తీగను లోనికి అదుముటకు వీలు కల్పించిరి. నాదము వెన్నంటి పలుకుటకు మరి 7 తీగలు అడ్డముగ కట్టిరి. మన వీణలోను నాలుగు తీగలు పాటకు, ప్రక్కనున్న మూడు తీగలు తాళమునకు గదా. బొబ్బిలి దగ్గరి శిల్పులు ఒకే పనసమానులో చెక్కు వీణ యొక్క దండిమీద మన పెద్దలు రెండు పనులను ఏనాడో సమకూర్చిరి. అదే బృందమున ఫిడేలు వాయించిన ఎల్. శంకర్ అందుకు విరుద్ధముగ 1980లో రెండు మెడలు, 10 తీగలు గల ఎలక్ట్రిక్ ఫిడేలును చేయించుకొనెను. మామూలు ఫిడేలునకు అందని మంద్రస్థాయి స్వరములు ఆయనకు కావలసియుండెను. ఒకరు రెండు మెడలనుండి ఒకదానికి దిగిరి, మరియొకరు ఒకదానినుండి రెంటికి ఎక్కిరి. ఎవ్వరును తప్పు చేయలేదు. ఏలనన, ఎవరికి కావలసిన స్వరమును వారు వెదకికొనిరి.

తెలుగువారికి ఇంకను దగ్గరి యుదాహరణము పాలకొల్లున 1969 ఫిబ్రవరి 28న జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గారు. ఆరేండ్ల ప్రాయమున తండ్రిగారి మాండలినును చేపట్టిరి. వారికి కర్ణాటక సంగీతము నేర్పిన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండలిను వాదకులు కారు. గురువు పాడుచుండ శిష్యుడు ఆ గాత్రమును తీగమీద పట్టుకొనెను. 1978లో గుడివాడలో త్యాగరాజోత్సవ సభయందు మొదటి కచేరీ చేసిరి, అప్పటికి తొమ్మిదేండ్లు. 1983లో బెర్లిను నగరపు జాజ్ ఉత్సవమున వాయించిరి. సాధారణమైన మాండలినునకు నాలుగు జంటలుగా 8 తీగలు. దాని నాదము క్షణములో ఆరిపోవును. జంట తీగలపై గమకము పలికించుట దుర్లభము. శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలినును చేపట్టి, జంటలను తీసివేసి, 5 ఒంటి తీగలతో వాయించిరి. ఇది పరదేశపు వాద్యమనియు, బాలుని యాటవస్తువనియు అనుమానించినవారే పిమ్మట శిరస్సులూచిరి. 1998లో పద్మశ్రీ లభించినది. తరువాత మెక్‌లాగ్లిన్, జాకీర్ హుస్సేన్ గారలతో రిమెంబర్ శక్తి బృందమున దేశదేశములు తిరిగి, 2014 సెప్టెంబరు 19న తమ 45వ యేట చెన్నైలో కన్నుమూసిరి. ఒకనాడు 18 తీగలు మోసినవాడును, 8 తీగలను 5కు తగ్గించినవాడును ఒకే వేదికపై సమానులుగ కూర్చుండిరి. తీగల లెక్కలోనే గొప్పతనమున్నచో ఆ కూటమి కుదిరెడిది కాదు.

ఇప్పుడు అమీరుపేటకు వత్తము. కోస్తా జిల్లాలనుండి, తెలంగాణా పల్లెలనుండి, రాయలసీమనుండి వచ్చిన యువకులు అచ్చట మైత్రీవనము చుట్టుపట్ల కంప్యూటరు కోర్సులు చదువుదురు. ఒక్కొక్క గదిలో నలుగురేసి హాస్టళ్లలో నుందురు. వారి మంచముల క్రింద పెట్టెల ప్రక్కన గిటారు సంచులును ఉండుట మేమెరుగుదుము. ఆదివారమున వారే పంజాగుట్ట పరిసరముల ఆరాధనలలో పాటకు తోడు వాయింతురు. వారు ఇంటికి ఫోను చేసినప్పుడెల్ల వినవచ్చు హితవు ఒక్కటే: రెండు పడవలపై కాళ్లు పెట్టకుము, గిటారు అమ్మివేయుము. కొందరు అమ్మివేసిరి. అమ్మినవారందరికి ఉద్యోగములు వచ్చెనని చెప్పజాలము. అమ్మనివారందరు చెడిరనియు చెప్పజాలము. వేరొక ప్రక్క, తండ్రి కోర్సునకని పంపిన సొమ్ముతో వాద్యపు వాయిదాలు కట్టి, కోర్సును సగములో విడిచినవారును కలరు. ఈ చర్చలోని యసలు బాధ యిదియే. వాదము గిటారు మెడలను గూర్చి కాదు. ఒక బిడ్డ రెండు వరములు గలవాడై పుట్టినచో ఒకదానిని చంపవలెనా యనుటయే ప్రశ్న.

రెండు పడవల సామెత నిజమే. పడవలు రెండు వేర్వేరు దారుల పోవును గనుక. కాని రెండు మెడలు ఒకే కొయ్యలో పుట్టినవి. అమీరుపేట మెట్రో స్టేషనునే చూడుడు. మియాపూరునుండి ఎల్బీ నగరు పోవు దారియు, నాగోలునుండి రాయదుర్గము పోవు దారియు అచ్చట ఒకదానిపై నొకటి దాటుచున్నవి. ప్రయాణికుడు మెట్లెక్కి ఒకదానినుండి మరియొకదానికి మారును. ఒకే సమయమున రెండు బండ్లలో కూర్చుండడు. మారదగిన చోటు, మారదగిన వేళ తెలిసినవానికి రెండు దారులుండుట ఉపకారమే. చదువు వేళ చదువునకు, సాధన వేళ సాధనకు స్విచ్చి త్రిప్పగలవానికి సంగీతము శత్రువు కాదు. పుస్తకము ముందు గిటారును, గిటారు ముందు పుస్తకమును తలచువానికి రెండు మెడలును రొదయే. మత్తయి సువార్త 25వ అధ్యాయమున రెండు తలాంతులు పొందిన దాసుని తలచుకొనుడు. వానికి అయిదు లేవని యజమానుడు నిందింపలేదు. రెంటిలో ఒకటి పారవేయుమనియు చెప్పలేదు. రెంటిని వృద్ధిచేసిన వానికి, అయిదింటిని వృద్ధిచేసిన వానితో సమానమైన మెప్పే దొరకినది. నింద పడినది భూమిలో పాతిపెట్టినవానిమీద. తలిదండ్రులు తమ బిడ్డచేత ఏమి పాతిపెట్టించుచున్నారో యోచింపవలెనని మా మనవి.

అంతమాత్రమున పిల్లవాడడిగిన వాద్యమును వెంటనే కొనియిండని మేము చెప్పుట లేదు. పేరుగల కంపెనీవారి రెండు మెడల గిటారు ఖరీదు కొన్ని లక్షల రూపాయలు. ఒక సామాన్య కుటుంబమున అది చెల్లెలి చదువు కావచ్చును, తల్లి వైద్యము కావచ్చును. కొనుటకు ముందు బాలుడు మూడు ప్రశ్నలకు ఉత్తరమియ్యవలెను. ఒక మెడ గిటారుమీద రెండేండ్లు దినదినము సాధన చేసితినా? యంత్రము లేక, చెవితోనే 12 తీగలకు శ్రుతి కూర్పగలనా? నడుమ ఆపక రెండు నాదములను కోరు పాట ఒక్కటైనను నా చేతిలో సిద్ధముగ నున్నదా? మూడింటికిని అవునని చెప్పగలవాడు అడిగినది ఆడంబరము కాదు, అవసరము. చెప్పలేనివాడు రెండు మెడలు కొని ఒక్కటియు పలికింపలేక, ఆడలేక మద్దెల ఓడన్నట్లు పిమ్మట ఆంప్లిఫయరును నిందించును. గోడకు తగిలించిన వాద్యము యజమానుని ధనమును చాటును గాని విద్యను చాటదు. దానిని అప్పుచేసి తగిలించినచో ధనమును గూడ చాటదు.

నడిమి మార్గమొకటి కలదు. 12 తీగల గిటారును ఒక నిలువు స్టాండునకు బిగించి, 6 తీగల గిటారును భుజమున తగిలించుకొని, ఒకదాని వెనుక నిలిచి రెంటిని మార్చిమార్చి వాయించువారు కలరు. రెండు సామాన్యమైన గిటారులు, ఒక స్టాండు కలిపినను గొప్ప కంపెనీవారి వాద్యపు వెలలో చిన్న భాగమే యగును. కావున మన పాఠశాల సంగీతపు గదికి 12 తీగల గిటారునొకటి, 6 తీగల గిటారునొకటి, స్టాండునొకటి కొని, గ్రంథాలయమున పుస్తకముల నిచ్చునట్లు వంతులవారీగ విద్యార్థుల కియ్యవలెనని మేము యాజమాన్యమువారిని కోరుచున్నాము. పూర్వ విద్యార్థులు తలకొక కొంచెము వేసికొన్నచో ఇది భారము కాదు. అప్పుడు పేదవాని బిడ్డయు 18 తీగల బరువును ఎరుగును. ధనికుని బిడ్డయు కొనుటకు ముందే తన భుజమును పరీక్షించుకొనును.

ఆరాధనను గూర్చి ఒక మాట. ఎలక్ట్రిక్ వాద్యములు దేవుని మందిరమున తగవని కొందరు పెద్దలందురు. హార్మోనియమును పరదేశమునుండి వచ్చినదే. ఫిడేలును పాశ్చాత్యులనుండి వచ్చి ద్వారము వేంకటస్వామి నాయుడుగారి చేతిలో తెలుగు పలికినది. పురుషోత్తమ చౌదరిగారు క్రైస్తవ కీర్తనలను మన దేశపు రాగములలో రచించి, క్రొత్త విశ్వాసమును పాత నాదముతో పాడించిరి. కీర్తనల గ్రంథమున పది తంతుల వాద్యము ప్రస్తావింపబడియుండ, పదునెనిమిది తంతులు పాపమని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. కాని యువకులును ఒకటి తెలిసికొనవలెను. సభలో పాడవలసినది సంఘము. వెనుక వరుసలోని వృద్ధురాలి గొంతు ఆమె ప్రక్కవారికి వినబడనంత బిగ్గరగ గిటారు మ్రోగినచో, అది ఒక మెడదైనను రెండు మెడలదైనను మందిరమున తన పనిని మరచినదే. అచ్చట వాదకుడు శబ్దమును తగ్గించుటలో తన నేర్పు చూపవలెను.

ప్రియ విద్యార్థులారా, రెండు మెడల గిటారును కోరుట తప్పు కాదు. మొదట పాటను సంపాదింపుడు. పాట అడిగినప్పుడు వాద్యము వచ్చును, రాకున్నను స్టాండుమీది రెండు గిటారులతో ఆ పాట నిలుచును. తలిదండ్రులారా, మీ బిడ్డ భుజము రెంటిని మోయగలదా యని పరీక్షింపుడు. పరీక్షింపకయే ఒకదానిని నరికివేయకుడు. మోయగలిగినవానికి కాలక్రమమున భుజము గట్టిపడును. మోయలేనివాడు తానే దింపుకొనును. అట్లు తన చేతులతో దింపుకొన్న బరువు వానిని జీవితాంతము బాధింపదు.